హైస్కూల్ పిచ్చర్‌కి మైనర్ లీగ్ పిలుపు వస్తే చేరాలా, కాలేజీకి వెళ్లాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అబ్బాయికి 17 ఏళ్లు, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో హైస్కూల్. బేస్‌బాల్‌లో కుడిచేతి పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు), ఫాస్ట్‌బాల్ గంటకు 90–91 మైళ్లు. వచ్చే జులై డ్రాఫ్ట్‌లో (పెద్ద లీగ్, అంటే మేజర్ లీగ్ క్లబ్‌లు రౌండ్ల వారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) పదో రౌండ్ దాటాక ఎవరైనా తీసుకోవచ్చని ఒక స్కౌట్ (క్లబ్ కోసం కుర్రాళ్లను వెతికే మనిషి) అన్నారు. తీసుకుంటే సంతకం చేయాలా, కాలేజీలో ఆడాలా? మైనర్ లీగ్‌లో (పెద్ద లీగ్ క్లబ్‌ల కింద ఆటగాళ్లు మెట్టుమెట్టుగా ఎదిగే లీగ్‌లు) పిచ్చర్ బతుకు ఎలా ఉంటుంది, డబ్బెంత వస్తుంది? చివర్లో, హైదరాబాద్‌లో ఫాస్ట్ బౌలింగ్ చేసే మీ అన్నగారబ్బాయికి కూడా ఈ దారి పనికొస్తుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. సంతకానికి ఇచ్చే బోనస్ లక్షన్నర డాలర్ల దగ్గర ఆగిపోతే కాలేజీకే పంపండి. ఆ అంకె ఊరికే అనలేదు. ఇప్పుడు డ్రాఫ్ట్ 20 రౌండ్లే. మొదటి పది రౌండ్లకు ప్రతి క్లబ్‌కీ ఒక బోనస్ పూల్ (మొత్తం బోనస్‌లకు పరిమితి) ఉంటుంది. 11 నుంచి 20వ రౌండ్ దాకా 150,000 డాలర్ల వరకు ఇచ్చినా అది పూల్‌లో లెక్కకు రాదు. అంతకు పైన ఇచ్చే ప్రతి డాలరూ పూల్‌లోంచి తీయాలి. అందుకని పదో రౌండ్ తర్వాత ఆ గీత దాటి డబ్బు పెట్టారంటే, ఆ కుర్రాడి కోసం ముందే డబ్బు మిగిల్చి పెట్టుకున్నారని అర్థం. అలాంటి వాడిని ఓపిగ్గా పెంచుతారు, దెబ్బ తగిలినా ఆగుతారు. గీత లోపల వచ్చినవాడు రెండు సీజన్లు సరిగ్గా ఆడకపోతే వదిలేయడానికి క్లబ్‌కి పెద్దగా నొప్పి ఉండదు. ఎంత బోనస్ ఇచ్చారన్నదే ఎన్ని అవకాశాలు ఇస్తారన్నదానికి కొలత.

ఇక జీతం. 2023 మార్చిలో మైనర్ లీగ్ ఆటగాళ్లకు మొదటిసారి యూనియన్ ఒప్పందం కుదిరింది. అందులో 2023కి కనిష్ఠ వార్షిక జీతాలు, అట్టడుగు మెట్టు నుంచి పైకి: కాంప్లెక్స్ లీగ్ 19,800 డాలర్లు, సింగిల్-ఏ 26,200, హై-ఏ 27,300, డబుల్-ఏ 30,250, ట్రిపుల్-ఏ 35,800. అంతకుముందు సింగిల్-ఏలో 11,000, ట్రిపుల్-ఏలో 17,500 ఉండేది. స్ప్రింగ్ ట్రైనింగ్‌కి (సీజన్‌కి ముందు శిక్షణ) జీతమే ఉండేది కాదు. కాబట్టి పాత ఆటగాళ్లు చెప్పే ఆకలి కథలు నిజమే గానీ ఇప్పటివి కావు. 2022 నుంచి బస కూడా క్లబ్బే ఇస్తోంది. డబుల్-ఏ, ట్రిపుల్-ఏలో ఒక్కొక్కరికి సొంత గది, కింది లెవెల్స్‌లో ఇంకొకరితో కలిసి ఉండాలి.

అయినా ఒక్కసారి కూడిక వేయండి. ఏడాదికో మెట్టు చొప్పున ఎక్కడా ఆగకుండా ఎక్కాడనుకుందాం (అలా ఎక్కేవాళ్లు తక్కువ). కాంప్లెక్స్ నుంచి డబుల్-ఏ దాకా నాలుగేళ్ల జీతం కలిపితే 103,550 డాలర్లు, అదీ టాక్స్ కట్టకముందు. లక్షన్నర బోనస్‌లో ఏజెంట్ వాటా, ఫెడరల్ టాక్స్ పోగా చేతిలో మిగిలేది లక్ష పైచిలుకు. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కం టాక్స్ లేదు గానీ, ఆడిన రాష్ట్రాల్లో అక్కడి సంపాదనకు అక్కడ లెక్క చూపాలి. నాలుగేళ్లకు మొత్తం రెండు లక్షలు. మోచేతి మీద ఆధారపడిన పనికి, డిగ్రీ వాయిదా వేసుకుని తీసుకునే డబ్బు ఇది.

సంతకం చేయాలనే నిర్ణయిస్తే మాత్రం కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్ కాంట్రాక్టులో రాయించకుండా పెన్ను పట్టనివ్వకండి. ఎన్ని సెమిస్టర్లు, సెమిస్టర్‌కి ఎంత అన్నది సంతకానికి ముందే బేరమాడి రాయించాలి. తర్వాత అడిగితే ఇవ్వరు. పెద్ద లీగ్ క్లబ్‌ల కింద ఆట మానేశాక రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టకపోతే ఆ హక్కు పోతుంది. ఆ ఆశా ఈ ఆశా పట్టుకుని ఇండిపెండెంట్ లీగ్‌లకు (ఆ క్లబ్‌లతో సంబంధం లేనివి) వెళ్లి ఆ గడువు దాటించుకున్నవాళ్లు ఉన్నారు.

కాలేజీ ఎంచుకుంటే డ్రాఫ్ట్ నియమం ఒకటి గుర్తుంచుకోండి. నాలుగేళ్ల కాలేజీలో చేరితే జూనియర్ ఇయర్ (మూడో ఏడాది) అయ్యేదాకా, లేదా 21 నిండేదాకా డ్రాఫ్ట్‌కి అర్హత ఉండదు. రెండేళ్ల జూనియర్ కాలేజీ అయితే ప్రతి ఏడాదీ ఉంటుంది. 90 మైళ్ల కుడిచేతి పిచ్చర్లు లెక్కకు మించి ఉన్నారు. అదే కుర్రాడు మంచి వెయిట్‌రూమ్ ఉన్న చోట మూడేళ్లు ఉండి 94–95తో బయటికొస్తే వేరే బేరం. పెద్ద లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు ఇప్పుడు 94 పైన ఉంది, అంటే గంటకు 151 కిలోమీటర్లు. కాలేజీలోనూ చిక్కులున్నాయి. సీజన్‌లో వారానికి 20 గంటల ప్రాక్టీస్ పరిమితి ఉంటుంది. టోర్నమెంట్ రోజుల్లో గెలుపు కోసం పిచ్చర్‌ని అరగదీసే కోచ్‌లు ఉంటారు. పోయిన మూడేళ్లలో ఆ ప్రోగ్రాంలో ఎంతమంది పిచ్చర్లకు మోచేతి ఆపరేషన్ అయిందో ముఖం మీదే అడగండి. నీళ్లు నమిలితే అదే జవాబు.

నిచ్చెన ఎలా ఉంటుందో మీ పక్క క్లబ్‌నే తీసుకుని చూద్దాం. టెక్సాస్ రేంజర్స్ పిచ్చర్ అరిజోనాలోని సర్‌ప్రైజ్‌లో కాంప్లెక్స్ లీగ్‌తో మొదలుపెడతాడు. 2025 నాటి వరసలో నార్త్ కరోలినాలోని హికరీ సింగిల్-ఏ, సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ హై-ఏ, మీ ఊరి ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ డబుల్-ఏ, ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్ ట్రిపుల్-ఏ. అది దాటితే ఆర్లింగ్టన్, రేంజర్స్ పెద్ద లీగ్ టీం ఉండే చోటు. మీ ఇంటి నుంచి కారులో వెళ్లి చూడగలిగే ఆ డబుల్-ఏ మైదానం చేరడానికే చాలామందికి మూడు నాలుగేళ్లు పడుతుంది, సగంలో ఆగిపోయేవాళ్లు అంతకంటే ఎక్కువ. అమెరికాలో ఒక్కో క్లబ్ 165 మంది దాకా మైనర్ లీగ్ ఆటగాళ్లను ఉంచుకోవచ్చు. 30 క్లబ్‌లకు 4,950 మంది. పెద్ద లీగ్‌లో ఒక్కో టీంలో 26 మంది, అందులో పిచ్చర్లు 13కి మించకూడదు. అంటే 390 కుర్చీలు, వాటిలోనూ ఎక్కువ భాగం ఎప్పుడూ నిండే ఉంటాయి.

18 ఏళ్లకు సంతకం చేస్తే ఏడు సీజన్లు ఆ క్లబ్ చేతిలో ఉంటాడు. 19 నిండాక చేస్తే, 2024 నుంచి, ఆరే. కాలేజీ వైపు మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం.

వారం ఎలా గడుస్తుందంటే: మైనర్ లీగ్‌లో ఒకే ప్రత్యర్థితో మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. డబుల్-ఏలో సీజన్‌కి 138 మ్యాచ్‌లు, ట్రిపుల్-ఏలో 150. చాలా టీంల్లో స్టార్టింగ్ పిచ్చర్ (మ్యాచ్ మొదలుపెట్టేవాడు) వారానికి ఒక్కసారే వేస్తాడు. ఆ ఒక్క సాయంత్రం కోసం మిగతా రోజులన్నీ నడుస్తాయి.

వేసిన మర్నాడు బంతి ముట్టుకోడు, లేదా 60 అడుగుల్లో మెల్లగా విసురుతాడు. సైకిలో, పరుగో, ఆపైన కాళ్ల బరువుల వ్యాయామం. రెండో రోజు క్యాచ్, భుజం చుట్టూ చిన్న కండరాలకు రబ్బర్ బ్యాండ్లు. మూడో రోజు బుల్‌పెన్ (పిచ్చర్లు వేడెక్కే, ప్రాక్టీస్ చేసే చోటు): క్యాచర్ కూర్చున్నాక 20–25 బంతులు, ఒకే ఒక్క విషయం మీద. ఉదాహరణకు ఎడమచేతి బ్యాటర్‌కి బయటి అంచున ఛేంజప్ (నెమ్మది బంతి). పక్కన ట్రాక్‌మ్యాన్ (బంతి వేగం, స్పిన్ కొలిచే రాడార్) నడుస్తుంటుంది, హైస్పీడ్ కెమెరా వేళ్లను పట్టుకుంటుంది. నాలుగో రోజు లాంగ్ టాస్ (దూరపు త్రోలు), 150 అడుగులో 200 అడుగులో, చెయ్యి ఎంత ఇస్తే అంత. ఐదో రోజు తేలిక. మధ్యలో రోజూ పిచ్చర్ల ఫీల్డింగ్ డ్రిల్స్, బ్యాటింగ్ ప్రాక్టీస్‌లో బంతులు ఏరడం. రాత్రి ఏడింటి మ్యాచ్‌కి మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో మైదానంలో ఉండాలి. ఇంటికి వచ్చేసరికి పదకొండు.

తన రోజున మ్యాచ్‌కి ముప్పావుగంట ముందు ఒళ్లు వేడి చేసుకోవడం మొదలు. బ్యాండ్లు, బరువు బంతులు, లాంగ్ టాస్, ఆ తర్వాత బుల్‌పెన్ మౌండ్ మీద 25–35 బంతులు. మొదటి బంతికి ఐదారు నిమిషాల ముందు ఆపేయాలి. ముందే అయిపోతే చెయ్యి చల్లబడి మొదటి ఇన్నింగ్స్‌లో వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పి బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇవ్వడం) ఇస్తాడు. కింది లెవెల్‌లో ఏప్రిల్‌లో 60–75 బంతులకు మించనివ్వరు, జులై నాటికి 85–90. లెక్క నిండితే నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) నడుస్తున్నా కోచ్ వచ్చి బంతి తీసుకుంటాడు. అందులో అవమానమేమీ లేదని పిల్లవాడికి ముందే చెప్పి పెట్టండి.

రిలీవర్ (స్టార్టర్ తర్వాత దిగే పిచ్చర్) బతుకు ఇంత క్రమంగా ఉండదు. రెండుసార్లు లేచి వేడెక్కి, ఆటలోకి దిగకుండానే కూర్చోవాల్సి రావచ్చు. స్కోర్‌కార్డులో ఆ రోజు సున్నా, చేతి మీద మాత్రం 30 బంతులు. ఆ బంతులను కూడా రాసిపెట్టుకునే అలవాటున్న రిలీవర్ ఎక్కువ కాలం ఆడతాడు.

ప్రయాణం ఎక్కువగా బస్సే. ఫ్రిస్కో నుంచి కార్పస్ క్రిస్టీకి ఆరేడు గంటలు. ఆదివారం మ్యాచ్ అయ్యాక ఎక్కితే సోమవారం సెలవు నిద్రలోనే పోతుంది. తిండి క్లబ్ పెడుతుంది, కానీ ఇంట్లో శాకాహారం అలవాటైతే ముందే ఏర్పాటు చేసుకోవాలి. 90 కిలోల పిచ్చర్‌కి రోజుకు 150–180 గ్రాముల ప్రోటీన్ కావాలి, పప్పన్నంతో అది తేలదు. గుడ్లు, గ్రీక్ యోగర్ట్, పనీర్, వే ప్రోటీన్ కలవాల్సిందే. వే ప్రోటీన్ డబ్బా మీద 'ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్' ముద్ర ఉండాలి. ఇండియా నుంచి తెచ్చే బలం చూర్ణాలు, లేహ్యాలు వద్దు. వాటిలో డబ్బా మీద రాయనిది ఏమున్నా డోపింగ్ టెస్టులో పట్టుబడేది మీ వాడే, "తెలియదు" అంటే ఎవరూ వినరు.

పైకి పంపేటప్పుడు గెలుపోటములు చూడరు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఇచ్చే సగటు పరుగులు) కూడా రెండో మాటే. చూసేది స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) శాతంలోంచి వాక్ శాతం తీసేస్తే మిగిలేది. అది 20 దాటితే నిచ్చెన కదులుతుంది. వాక్‌లు 12 శాతం దాటితే ఎంత వేగమున్నా అక్కడే ఆగుతుంది. ఆ తర్వాత బంతి కదలిక. ఒక్క ఉదాహరణ. 94 మైళ్ల ఫోర్-సీమ్ బంతి (మామూలు నేరు ఫాస్ట్‌బాల్), వెనక్కి తిరిగే స్పిన్ వల్ల, స్పిన్ లేని బంతి కంటే 18 అంగుళాలు తక్కువ పడిందనుకోండి. బ్యాటర్ కన్ను 16 అంగుళాలకు అలవాటు పడి ఉంటుంది, బ్యాట్ బంతి కిందనుంచి పోతుంది. అదే 94 బంతి అందరిలాగే 15–16 అంగుళాలు ఉంటే, బ్యాట్ ఎక్కడికి వస్తుందో బంతీ సరిగ్గా అక్కడికే వస్తుంది. ఒకే వేగం, ఒకడు ట్రిపుల్-ఏకి, ఇంకొకడు ఇంటికి. అందుకే వేగం ఒక్కటే చెప్పే స్కౌట్ మాట సగం మాట. అబ్బాయి రాప్సోడో (అలాంటిదే ఇంకో పరికరం) లేదా ట్రాక్‌మ్యాన్ రిపోర్టు తీసి చూడండి. ఫాస్ట్‌బాల్ కదలిక మామూలుదైతే సింకర్ (కిందికి దిగే బంతి) గ్రిప్‌కి మార్చడమో, కట్టర్ (చివర్లో పక్కకు జరిగే బంతి) నేర్పడమో ఇప్పుడే జరగాలి.

ట్రిపుల్-ఏలో ఇంకో తిరకాసు ఉంది. కింది లెవెల్స్‌లో వాడే బంతి, పెద్ద లీగ్ బంతి ఒకటి కావు. ట్రిపుల్-ఏలో 2019 నుంచి పెద్ద లీగ్ బంతే వాడుతున్నారు. దాని కుట్టు వేలికి వేరేగా తగులుతుంది, డబుల్-ఏలో బ్రహ్మాండంగా తిరిగిన స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) నెలరోజుల దాకా అక్కడ మాట వినదు. పైగా రౌండ్ రాక్ ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో అల్బుకర్కీ సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన ఉంది. పలచటి గాలిలో బంతి తక్కువ తిరుగుతుంది, కొడితే ఎక్కువ దూరం పోతుంది. అక్కడ ఈఆర్‌ఏ 5 చూసి మీరు బెంగపడనక్కర్లేదు, క్లబ్‌కి ఆ లెక్క తెలుసు.

ఇక మోచెయ్యి. కెరీర్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. మోచేతి లోపలి వైపు ఎముకకు ఎముకను కట్టి ఉంచే చిన్న పట్టీ ఉంటుంది, యూసీఎల్ అంటారు. బంతి వదిలే ముందు ముంజెయ్యి వెనక్కి వాలినప్పుడు కీలు లోపలి వైపు తెరుచుకోబోతుంది. దాన్ని పట్టుకుని ఉంచేది ఆ పట్టీ, దానికి తోడు ముంజేతి కండరాలు. కండరం అలిసిపోతే భారమంతా పట్టీ మీదే. అందుకే చాలాసార్లు మొదటి సంకేతం మోచేతి నొప్పి కాదు, ముంజెయ్యి బిగిసినట్టు ఉండటం. తర్వాత వేగం రెండు మైళ్లు తగ్గుతుంది, బంతులు ఎత్తుగా కుడివైపు జారతాయి, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజు ఆపి చెప్పేయాలి. చెప్తే పేరు వెనక్కి పోతుందని దాచేవాళ్లే ఎక్కువ, దాచినవాళ్లకే పట్టీ పూర్తిగా తెగుతుంది.

తెగితే టామీ జాన్ ఆపరేషన్. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేశారు. రోగి టామీ జాన్ తిరిగొచ్చి, తన 288 విజయాల్లో 164 ఆ తర్వాతే సాధించాడు. ముంజేతి నుంచో తొడ నుంచో ఒక టెండన్ తీసి ఎముకల్లో రంధ్రాల గుండా కడతారు. నాలుగైదు నెలలకు 45 అడుగుల నుంచి మెల్లగా విసరడం, తొమ్మిదో పదో నెలలో మౌండ్, మ్యాచ్‌కి 12 నుంచి 18 నెలలు. క్లబ్‌లో ఉంటే ఖర్చు క్లబ్‌ది, జీతమూ ఆగదు. కానీ ఆ ఏడాదిన్నరలో తన వయసువాళ్లు రెండు మెట్లు ఎక్కేసి ఉంటారు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఇది. మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్ల పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 17–18 ఏళ్లవాడు రోజుకు 105 బంతులు దాటకూడదు. 31–45 వేస్తే ఒక రోజు విశ్రాంతి, 46–60కి రెండు, 61–80కి మూడు, 81 దాటితే నాలుగు. ఏడాదికి వంద ఇన్నింగ్స్‌లోపు. ఏడాదిలో నాలుగు నెలలు పోటీల్లో పిచింగ్ మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా చెయ్యెత్తి ఏదీ విసరకూడదు. స్కూల్ టీం, ట్రావెల్ టీం, షోకేస్ (స్కౌట్ల ముందు ఆడి చూపించడం), ఈ మూడూ ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు. మూడింటి మొత్తం తెలిసేది ఇంట్లోవాళ్లకే. పుస్తకం ఒకటి పెట్టి మీరే రాయండి.

మెడికల్ రిపోర్టు ఎంత పని చేస్తుందో కుమార్ రాకర్ విషయంలో చూశాం. తల్లి భారత సంతతి. వాండర్‌బిల్ట్‌లో 2019లో డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ వేసిన పిచ్చర్. 2021లో న్యూయార్క్ మెట్స్ డ్రాఫ్ట్‌లో పదో పిక్‌గా (ఎంపికగా) తీసుకుని, వైద్యపరీక్షలు చూశాక సంతకం చేయించుకోలేదు. అతను 2022లో ట్రై-సిటీ అనే ఇండిపెండెంట్ టీంకి ఆడాడు. అదే ఏడాది రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చారు. 2023 మేలో టామీ జాన్. తిరిగొచ్చి మీ ఫ్రిస్కోలో, రౌండ్ రాక్‌లో వేసి 2024 సెప్టెంబర్‌లో పెద్ద లీగ్ గడప తొక్కాడు. మూడో పిక్ కాబట్టి క్లబ్ అంత ఓపిక పట్టింది. 15వ రౌండ్ కుర్రాడికి అంత ఓపిక దొరకదు.

పైకి వెళ్తే డబ్బు ఒక్కసారిగా మారుతుంది. 2025లో పెద్ద లీగ్ కనిష్ఠ జీతం 760,000 డాలర్లు, సీజన్‌లో రోజుకు నాలుగు వేల పైనే. 43 రోజులు ఉంటే పెన్షన్ హక్కు వస్తుంది. క్లబ్ పెద్ద లీగ్ కోసం ఉంచుకునే 40 మంది జాబితాలో పేరు చేరితే మూడు సీజన్ల పాటు కిందికీ పైకీ తిప్పొచ్చు, కానీ ఒక సీజన్‌లో ఐదుసార్లకు మించి కిందికి పంపకూడదు. ఆ జాబితాకీ బయటికీ మధ్య ఏళ్ల తరబడి ఊగేవాళ్లు చాలామంది. వాళ్లకు ఇండిపెండెంట్ లీగ్‌లు, చలికాలంలో డొమినికన్, మెక్సికో లీగ్‌లు, అదృష్టం బాగుంటే జపాన్, కొరియా ఉన్నాయి. కొరియాలో కొత్తగా వచ్చే విదేశీ ఆటగాడికి పది లక్షల డాలర్ల దాకా ఇవ్వొచ్చు. ట్రిపుల్-ఏలో ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్న పిచ్చర్‌కి అది చాలా మంచి దారి.

మీ అన్నగారబ్బాయి సంగతి. ఫాస్ట్ బౌలర్ చెయ్యి నిటారుగా తిరుగుతుంది, పరుగు ఊపు వాడుకుంటుంది. పిచ్చర్ నిలబడ్డ చోటు నుంచి మోచెయ్యి వంచి విసరాలి. ఒకదాని వేగం రెండోదానికి రాదు. బౌలింగ్ వేగం అడగకండి, బౌండరీ నుంచి కీపర్‌కి వేసే త్రో ఎలా ఉందో అడగండి. 2008లో ఇండియాలో జరిగిన పోటీలోంచి పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకున్న రింకూ సింగ్, దినేష్ పటేల్ ఇద్దరూ క్రికెటర్లు కారు, జావెలిన్ త్రోయర్లు. దినేష్‌ని 2010 చివర్లో వదిలేశారు. ఎడమచేతి రింకూ సింగిల్-ఏ దాకా వెళ్లాడు, తర్వాత మోచేతి ఆపరేషన్ అయింది. అబ్బాయికి 20 దాటి, రాడార్ గన్ మీద త్రో 88 మైళ్లు రాకపోతే క్రికెట్ మాన్పించొద్దు.

మీరు రాయలేదు గానీ ఒకటి అడగాలి: మీ వాడు అమెరికన్ సిటిజనా, గ్రీన్ కార్డా, లేక హెచ్-4 (హెచ్-1బి వాళ్ల పిల్లల వీసా) మీద ఉన్నాడా? హెచ్-4 అయితే డ్రాఫ్ట్‌కి అడ్డు లేదు, ఇక్కడి హైస్కూల్లో చదివినవాడు కాబట్టి. కానీ ఆ వీసా మీద జీతం తీసుకోకూడదు. క్లబ్ పి-1 (ఆటగాళ్ల) వీసాకి పిటిషన్ వేయాలి. 2006 నాటి చట్టం తర్వాత మైనర్ లీగ్ ఆటగాళ్లకూ పి-1 ఇస్తున్నారు. కాలేజీకి వెళ్తే 21 నిండేలోపు ఎఫ్-1 (విద్యార్థి) వీసాకి మారాలి. స్కౌట్ ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి మీరే ముందు చెప్పండి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో డ్రాఫ్ట్‌కి ముందే మాట్లాడి పెట్టుకోండి. వీసా స్థితి ఏదో, ట్రాక్‌మ్యాన్ అంకెలు ఏంటో కింద రాస్తే ఆ రెండింటి మీద ఇంకా వివరంగా చెప్తాను.